ఆ సెక్షన్ మన జిల్లాలో లేదు



గుడివాడ పక్క చేపల చెరువు మీద కాపలా ఉంటున్న యానాది తమ్ముడొకడు మొన్న ఒక అర్జీ పట్టుకొచ్చాడు. దివిసీమ ఉప్పెన తర్వాత నాగాయలంక మండలంలో వాళ్ళ తాతకి ఎకరం డీ పట్టా ఇచ్చారు. ఇప్పుడా ఎకరం వేరేవాళ్ళ చెరువులో కలిసిపోయింది. సోమవారం మచిలీపట్నం కలెక్టరేట్‌లో ఇద్దామని ఫోన్‌లో ఏఐ చేత రాయించుకున్నాడు. రెండు పేజీలు. తెలుగు ఎంత నున్నగా ఉందంటే, మా తెలుగు మాస్టారు కూడా అట్లా రాయలేడు.

"ఎట్టా ఉందన్నా?" అన్నాడు.

మొదటి పేజీలోనే ఆగిపోయాను. 1/70 చట్టం ప్రకారం భూమి తిరిగి ఇప్పించాలని ఉంది. 1/70 షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది. కృష్ణా జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం ఒక్క సెంటు కూడా లేదు. పీసా గ్రామసభ తీర్మానం జత చేశామని కూడా ఉంది. ఏ గ్రామసభ? ఎప్పుడు జరిగింది? రెండో పేజీలో ఒక సుప్రీంకోర్టు తీర్పు, వాది ప్రతివాదుల పేర్లతో, సంవత్సరంతో సహా. తెలిసిన లాయరుగారి చేత వెతికించాం. అట్లాంటి తీర్పే లేదు.

అదే అర్జీ లోపలికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో మీకూ తెలుసు. "వర్తించదు" అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేసేవారు. పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చేది. తాత పట్టా నిజం, భూమి పోవడం నిజం. లేని సెక్షన్ ఒక్కటి ఆ రెండు నిజాల్నీ ముంచేసేది. పెద్దోళ్ళ అర్జీలో తప్పుంటే పిలిచి దిద్దిస్తారు. మన అర్జీలో తప్పుంటే అదే సాకు.

ఇది మన చదువు తక్కువై జరిగిందని సిగ్గుపడకండి. 2025 ఆగస్టులో విజయవాడలో ఒక సివిల్ కోర్టు ఇచ్చిన ఉత్తర్వులోనే ఏఐ పుట్టించిన నాలుగు లేని తీర్పులు దొర్లాయి. ఆ సంగతి హైకోర్టు దాటి 2026లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అమెరికాలో 2023లో ఇట్లాంటి తీర్పులే దాఖలు చేసిన న్యూయార్క్ లాయర్లకి 5,000 డాలర్ల జరిమానా పడింది. జడ్జీలు, లాయర్లే బోల్తాపడ్డారు.

ఆ యంత్రం చట్టం పుస్తకం తెరిచి చూసి చెప్తోందనుకుంటాం. కాదు. ఏ మాట తర్వాత ఏ మాట వస్తే అతుకుతుందో లెక్కగట్టి పేరుస్తుంది. "గిరిజనుల భూమి" అనగానే రాతల్లో ఎక్కువగా దొరికేది ఏజెన్సీ, 1/70, 1997 సమతా తీర్పు. మడ అడవుల్లో పీతలు పట్టే, వరి చేలల్లో ఎలుకలు పట్టే మైదానపు యానాదుల గురించి రాసిందెంత? ఉన్న కాస్తలో కూడా మనల్నీ ఎరుకల వాళ్ళనీ నేరస్థ జాతులని ముద్రేసిన తెల్లదొరల రాతలు చాలానే ఉన్నాయి. ఆ చట్టం 1952లోనే పోయింది గానీ ఆ పుస్తకాలు పోలేదు. అందుకే మన చరిత్ర గురించి అది చెప్పిందల్లా స్టేటస్‌లో పెట్టేయకండి. ముందు ఇంట్లో ముసలమ్మని అడగండి.

ఏఐ వాడొద్దని నేననను. అక్షర దోషాలు దిద్దించుకోండి, ఇంగ్లీషు జీవో అర్థం చెప్పించుకోండి. కానీ అది చెప్పిన సెక్షన్‌ని, జీవో నంబర్‌ని అసలు కాగితంలో చూడకుండా మీ సంతకం పెట్టకండి. ఒకప్పుడున్నది ఇప్పుడుండకపోవచ్చు కూడా. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పటికీ అది అమల్లో ఉందన్నట్టు మనవాళ్ళ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది.

తమ్ముడి అర్జీ మళ్ళీ రాశాం. అతని కేసుకి సరిపోయేది 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, మనవాళ్ళు 9/77 అనేది. 2023లో దాన్ని సవరించారు. ఇరవై ఏళ్ళు దాటిన పట్టాల సంగతి మారింది కాబట్టి, ఆ సవరణ ఇతనికి ఎట్లా తగులుతుందో లాయరుగారు కాగితం ముందు పెట్టుకుని చదివాకే ఆ వాక్యం రాశాం. తాత పేరు, సర్వే నంబర్, పట్టా జిరాక్స్, చెరువు ఎప్పుడు తవ్వారో చూసిన ఇద్దరి పేర్లు. ఒకటే పేజీ అయ్యింది. తెలుగు అంత నున్నగా లేదు. సోమవారం బందరు వెళ్ళి ఇచ్చి, రసీదు తీసుకున్నాడు.