ఎకరం ధర చూసి ఫ్లాటు ధర.. పట్టుదల ఎంతకాలం?

మాదాపూర్: 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఐటీ కారిడార్‌లో ఆస్తి ధర పెరగడమే తప్ప తగ్గడం ఉండదన్న నమ్మకం బలపడింది. కోకాపేట నియోపొలిస్ వేలంలో 2023 ఆగస్టులో ఎకరం రూ.100.75 కోట్లు పలకగా, 2025లో రాయదుర్గంలో రూ.177 కోట్లకు చేరింది. ఈ అంకెలు చూసి కొండాపూర్, మాదాపూర్ పరిసరాల్లోని పాత ఫ్లాట్ల యజమానులూ భారీ ధర చెబుతున్నారు. పిల్లల కొలువుల కోసం జిల్లాల్లో పొలం అమ్మి ఇక్కడ ఫ్లాటు కొన్న కుటుంబాలు వీరిలో ఉన్నాయి. చూసిపోయేవారే తప్ప బయానా ఇచ్చేవారు రానప్పుడు ధర ఎప్పుడు తగ్గించాలన్నదే వారి సందిగ్ధం.

వేలం ధర వేరు
నగరంలో నిర్మిత విస్తీర్ణంపై పరిమితిని 2006లో తొలగించడంతో బిల్డర్లు ఎకరం ధరను వందలాది ఫ్లాట్లపై సర్దగలుగుతున్నారు. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్లో ఒక్కో యజమానికి దక్కేది కొద్ది గజాల అవిభాజ్య వాటాయే. వేలం ధరలూ శాశ్వతం కావు. 2006లో కోకాపేటలో ఎకరం రూ.14.25 కోట్లు పలికింది. ఆపై యాజమాన్య వివాదం, 2008 నాటి మాంద్యం ఎదురవడంతో కొందరు కొనుగోలుదారులు సొమ్ము వాపసు కోరుతూ కోర్టును ఆశ్రయించారు.

నిరీక్షణకూ ఖర్చు
కోటి రూపాయల ఫ్లాటు అమ్ముడుపోకుండా ఆరు నెలలు ఉంటే, ఏడాదికి 8 శాతం వడ్డీ లెక్కన రూ.4 లక్షలు కోల్పోయినట్లే. మెయింటెనెన్స్, ఆస్తిపన్ను అదనం. ఖాళీగా ఉన్న ఫ్లాటు విషయంలో, ధర అంతకు మించి పెరిగితే తప్ప, రూ.3 లక్షలు తగ్గించడానికి ఇష్టపడక ఆగినవారికి మిగిలేది నష్టమే.

ఎప్పుడు తగ్గించాలి?
ప్రకటన ఇచ్చినా చూసేందుకే ఎవరూ రాకుంటే చెప్పిన ధరే అడ్డుగా ఉందని గ్రహించాలి. వచ్చినవారు బేరమాడకుండా వెనుదిరిగితే మరమ్మతులు, పత్రాలు సరిచూసుకోవాలి. నలుగురైదుగురు బేరమాడి దాదాపు ఒకే అంకె వద్ద ఆగితే అదే అసలు ధర. రిజిస్ట్రేషన్ పత్రాల్లోని విలువ అన్నిసార్లూ వాస్తవ ధర కాదు కనుక, అదే సముదాయంలో ఇటీవల కొన్నవారిని విచారించడం మేలు.

నిర్మాణంలోని ఫ్లాట్లపై జీఎస్టీ ఉంటుంది. పూర్తయిన పాత ఫ్లాటుకు అది వర్తించదు. ధర తగ్గించే ముందు ఈ సౌలభ్యాన్ని కొనుగోలుదారుకు వివరించాలి. అప్పటికీ తగ్గించక తప్పకుంటే ఒకేసారి తగ్గించడం ఉత్తమం. నెలనెలా కొంత తగ్గిస్తూ పోతే, ఇంకా తగ్గుతుందన్న ఆశతో కొనేవారే ఆగిపోతారు.