గోడలో తీగకు ముప్పై ఏళ్లు, ఫోన్‌లో యాప్‌కు ఎన్నేళ్లు?

అమెరికాకు చెందిన బెల్కిన్ కంపెనీ 2025 జూలైలో ఒక ప్రకటన చేసింది. 'వీమో' పేరుతో తాను అమ్మిన స్మార్ట్ ప్లగ్గులు, స్విచ్‌లలో చాలావాటికి 2026 జనవరి 31తో క్లౌడ్ సేవలు ఆగిపోతాయని, యాప్ కూడా పనిచేయదని దాని సారాంశం. పరికరం చెడిపోలేదు, ఇంట్లో కరెంటుంది, ఇంటర్నెట్ ఉంది. అయినా ఫోన్ నుంచి లైటు వెలగదు. అదే ప్రకటనలో మరో సంగతీ ఉంది. ఆ పరికరాలను ముందుగానే ఆపిల్ హోమ్‌కిట్‌తో అనుసంధానం చేసుకున్నవారికి అవి గడువు దాటాక కూడా పనిచేస్తాయి. హోమ్‌కిట్ ఆదేశం ఇంటి వై-ఫై దాటి బయటి సర్వర్‌కు వెళ్లిరానక్కర లేకపోవడమే కారణం.

ఇల్లు కడుతున్నవారైనా, పాత ఇంటిని బాగు చేయిస్తున్నవారైనా స్మార్ట్ హోమ్ ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఈ తేడాలోనే ఉంది. అలెక్సానా, గూగులా అన్నది తర్వాతి మాట. యాప్‌లో వేలు తాకించినప్పుడు ఆ ఆదేశం ఇంట్లోనే తిరిగి బల్బును చేరుతోందా, ఎక్కడో ఉన్న సర్వర్‌ను తాకి వస్తోందా? అమ్మేవారిని దీనిమీద ఉపన్యాసం అడగక్కర్లేదు. రూటర్‌కు వచ్చే ఫైబర్ తీగను పీకేసి, అప్పుడు లైటు వేసి చూపించమంటే చాలు.

ఇలాంటి ముగింపులు అరుదేమీ కాదు. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ సర్వర్లు ముందస్తు కబురు లేకుండా మూగబోయాయి. గోడ మీది స్విచ్‌లు పనిచేశాయి కానీ యాప్‌తో నడిచేవన్నీ నిలిచిపోయాయి. చివరికి దాని వినియోగదారుల్లోనే కొందరు కలిసి ఆ ఆస్తులను కొని సేవను మళ్లీ నిలబెట్టారు. పెద్ద సంస్థ అయితే భరోసా అనుకోవడానికీ లేదు. గూగుల్ మాతృసంస్థ చేతిలోని నెస్ట్, తాను కొన్న 'రివాల్వ్' హబ్‌లను 2016 మేలో పూర్తిగా ఆపేసింది. తొలి రెండు తరాల నెస్ట్ థర్మోస్టాట్లకు 2025 అక్టోబరులో యాప్ అనుసంధానం తీసేసింది. ఫోన్‌ను నాలుగేళ్లకోసారి మార్చడం అలవాటైపోయింది. స్విచ్‌బోర్డును అలా మార్చలేం.

స్లాబు వేసేలోపు తేల్చాల్సినవి

అమెరికాలో చాలా ఇళ్లు చెక్క చట్రం, జిప్సం పలకలతో కట్టినవి. తర్వాత ఒక తీగ లాగాలన్నా పలక కోసి అతికిస్తే సరిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇల్లంటే ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు. సీలింగ్ పాయింట్లకు పైపులు స్లాబు పోసే ముందే పరవాలి. గోడల్లో గాళ్లు కొట్టి పైపులు దించేది ప్లాస్టరింగ్‌కు ముందు. ఆ తర్వాత గుర్తొచ్చిన ప్రతి తీగకూ కట్టర్ మోత, దుమ్ము, మళ్లీ పెయింటు ఖర్చు.

అందులో మొదటిది న్యూట్రల్ తీగ. స్మార్ట్ స్విచ్ లోపల చిన్న రేడియో ఉంటుంది. లైటు ఆపినా దానికి కరెంటు అందుతూ ఉండాలి, అందుకు న్యూట్రల్ కావాలి. ఇక్కడి బోర్డుల్లో స్విచ్‌ల పక్కనే సాకెట్ ఉండటం మామూలు కాబట్టి చాలాచోట్ల న్యూట్రల్ ఎలాగూ వస్తుంది. చిక్కంతా సాకెట్ లేని చోట్లే. మెట్ల దగ్గరి టూ-వే స్విచ్, మంచం పక్క స్విచ్, బాత్‌రూమ్ బయటి బోర్డు ఆ జాబితాలోకి వస్తాయి. న్యూట్రల్ అక్కర్లేని స్విచ్‌లూ దొరుకుతాయి కానీ అవి బల్బు గుండానే కొద్దిపాటి కరెంటు తీసుకుంటాయి. దాంతో కొన్ని ఎల్ఈడీ బల్బులు ఆపినా మిణుకుమంటుంటాయి. వైరింగ్ వేళ ప్రతి స్విచ్ పెట్టెకూ న్యూట్రల్ ఇవ్వమని ఎలక్ట్రీషియన్‌కు ఒక్క మాట చెబితే ఈ బాధ ఉండదు. అలాగే పెట్టెలు కాస్త లోతైనవి పెట్టించాలి. స్విచ్ వెనుక ఇరికించే మాడ్యూల్‌కు చోటు కావాలి.

తర్వాతిది లోడు. రెండు కిలోవాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, మూడు కిలోవాట్లదైతే 13. లైట్ల కోసం చేసిన 6 ఆంపియర్ల మాడ్యూల్‌ను దానికి తగిలిస్తే అది ప్రమాదమే. ఇక ఫ్యాన్లు. మామూలు ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటే 30 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టే బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఇప్పుడు విరివిగా కొంటున్నారు. వాటి వేగాన్ని లోపలి సర్క్యూటే చూసుకుంటుంది కాబట్టి బయట రెగ్యులేటర్ పెట్టకూడదు. ఆ ఫ్యాన్లు కొనదలచుకున్నవారు, 'స్మార్ట్ ఫ్యాన్ రెగ్యులేటర్' కలిపిన ప్యానెళ్లను ప్రతి గదికీ కొనడం వృథా.

రూటర్, హబ్ ఉండే పాయింటు ఇన్వర్టర్ లైను మీద ఉందో లేదో కూడా వైరింగ్‌లోనే తేలుతుంది. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ ఇన్వర్టర్ మీద లైట్లు వెలుగుతున్నా వాటిని నడిపే బుర్ర ఆగిపోతుంది. స్లాబులు, ఇటుక గోడలు దాటి ఒకే రూటర్ సిగ్నల్ అన్ని గదులకూ అందదు కాబట్టి ప్రతి అంతస్తులోనూ ఒక చోటికి నెట్‌వర్క్ కేబుల్ కోసం ఖాళీ పైపు వదలాలి. మొత్తం జాబితాలో ఆ ఖాళీ పైపే అన్నిటికంటే చవక.

తీగల మీదే నడిచే కేఎన్ఎక్స్ లాంటి వ్యవస్థ కావాలంటే నిర్ణయం ఇంకా ముందే జరగాలి. 1990ల నుంచి యూరప్‌లో ఉన్న ఈ ప్రమాణంలో ప్రతి స్విచ్‌కూ విడిగా ఒక సంకేత తీగ వెళ్తుంది. ఒక తయారీదారు పోయినా మరొకరి పరికరం అదే తీగకు తగిలించుకోవచ్చు, సర్వర్ అక్కర్లేదు. ఖరీదు మాత్రం ఎక్కువ, చేయగలవారూ తక్కువ. సాధారణ మూడు పడకగదుల ఇంటికి అది అవసరమా అంటే, చాలా సందర్భాల్లో లేదనే చెప్పాలి.

నిజానికి ఇక్కడి ఇళ్లలో ఆటోమేషన్ అన్నిటికంటే ఉపయోగపడేది సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారుకే. నిండగానే ఆపే, సంపు ఖాళీ అయితే మోటారు కాలకుండా చూసే లెవెల్ కంట్రోలర్‌కు ఇంటర్నెట్టే అక్కర్లేదు. స్మార్ట్ హోమ్ అనే మాట ప్రచారంలోకి రాకముందే రైతులు పొలం మోటార్లకు ఆటో స్టార్టర్లు, ఫోన్ చేస్తే ఆన్ అయ్యే స్టార్టర్లు బిగించుకున్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆ ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను బతిమాలుకోవాల్సి వచ్చింది.

సూట్‌కేసులో వచ్చే స్విచ్‌లు

డాలస్‌లో ఉండే కొడుకు గుంటూరులో అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తూ, వచ్చేటప్పుడు అక్కడి స్విచ్‌లు తేవడం మామూలు. అమెరికాలో సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీ సంగతి కొందరు చూసుకుంటారు, రేడియో సంగతి ఎవరికీ తట్టదు. జెడ్-వేవ్ పరికరాలు అమెరికాలో 908 మెగాహెర్ట్జ్ దగ్గర, భారత్‌లో 865 దగ్గర పనిచేస్తాయి. అక్కడి హబ్‌కూ ఇక్కడ కొన్న తాళానికీ మాట కలవదు. వై-ఫై, జిగ్‌బీ, థ్రెడ్ వాడే 2.4 గిగాహెర్ట్జ్‌తో ఈ సమస్య లేదు.

అమెజాన్, ఆపిల్, గూగుల్ చేతులు కలిపి 2019లో ప్రకటించి, 2022 అక్టోబరులో తొలి వెర్షన్ విడుదల చేసిన 'మ్యాటర్' ప్రమాణం ఇలాంటి గోడలను కొంత తగ్గించింది. మ్యాటర్ గుర్తున్న స్విచ్‌ను ఒకేసారి రెండు మూడు కంపెనీల యాప్‌లతో నడపొచ్చు, ఆదేశం ఇంటి నెట్‌వర్క్‌లోనే తిరుగుతుంది. అయితే కెమెరాలు ఇందులోకి 2025 నవంబరు నాటి 1.5 వెర్షన్‌తోనే వచ్చాయి. ఇక్కడి మార్కెట్‌లో రకరకాల పేర్లతో అమ్ముడయ్యే చవక స్విచ్‌లలో చాలావాటి వెనుక ఉన్నది చైనాకు చెందిన టుయా ప్లాట్‌ఫామ్. పెట్టె మీది పేరు వేరైనా ఆధారపడే సర్వర్ ఒకటే. కొత్తగా కొనేవారికి పెట్టె మీద మ్యాటర్ గుర్తు ఉందా అని చూడటం తేలిక పరీక్ష.

అసలు ఆ గుంటూరు ఇంట్లో ఉండేది అమ్మానాన్నలు. 2017లో భారత్‌కు వచ్చిన అలెక్సా ఇక్కడ ఇంగ్లిష్, హిందీ భాషల్లో పనిచేస్తోంది. తెలుగు పాట వేయమంటే వేస్తుంది కానీ తెలుగులో చెబితే లైటు వేయదు. గోడ మీద మామూలు స్విచ్ తీసేసి గ్లాస్ టచ్ ప్యానెల్, గొంతు ఆదేశం మాత్రమే మిగిల్చిన ఇంట్లో డెబ్బై ఏళ్ల మనిషి అర్ధరాత్రి బాత్‌రూమ్ లైటు కోసం తడుముకోవాలి. నొక్కితే టిక్కుమనే స్విచ్‌ను ఉంచి, స్మార్ట్ మాడ్యూల్‌ను దాని వెనుక పెట్టే పద్ధతి ఉంది. చూపులకు హంగు తక్కువే, ఇంటికి వచ్చిన చుట్టానికి కూడా నేర్పక్కర్లేదు.

కెమెరా సంగతి ఇంకా సున్నితం. దూరంలో ఉన్న పిల్లలకు అది ధైర్యం. హాల్లో కూర్చున్న తల్లికి అది ఎప్పుడూ చూస్తుండే కన్ను. ఒకే ఇంట్లో కలిసి ఉండేవారి అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు పెట్టడం గోప్యత హక్కుకు భంగమని కలకత్తా హైకోర్టు చెప్పగా, ఆ తీర్పులో జోక్యానికి సుప్రీంకోర్టు 2025 మేలో నిరాకరించింది. క్లౌడ్‌లోకి వెళ్లిన దృశ్యాలు ఎటు పోతాయన్నది ఇంకో భయం. 2024 ఫిబ్రవరిలో వైజ్ కంపెనీ లోపం వల్ల సుమారు 13,000 మందికి ఇతరుల ఇళ్లలోని చిత్రాలు కనిపించాయి. వరండాలో, గేటు దగ్గర పెట్టి, ఇంట్లోనే ఉండే రికార్డరులో దాచుకునే కెమెరాతో ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

చట్టం ఎంతవరకు

సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలను కేంద్రం 2025 ఏప్రిల్ 9 నుంచి తప్పనిసరి చేసింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కంపెనీలకు వర్తిస్తుంది. సొంత ఇంటి అవసరానికి వ్యక్తి వాడుకునే డేటాను మినహాయించింది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి తయారీదారు పరికరానికి ఎంతకాలం భద్రతా అప్‌డేట్లు ఇస్తారో ప్రకటించి తీరాలి. స్మార్ట్ స్విచ్ కొనేవారికి అలాంటి హామీ ఇక్కడ లేదు.

అపార్టుమెంటు కొనేవారి చేతిలో ఒక ఆయుధముంది. రెరా చట్టం 14(3) సెక్షన్ ప్రకారం స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, సేవల్లో లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కానీ చట్టంలో యాప్, సర్వర్ అనే మాటలు లేవు. బ్రోచర్‌లో 'స్మార్ట్ హోమ్' అన్న రెండు మాటలను నమ్మడం కంటే ఏ ప్రమాణం, ఏ మోడల్, ఇంటర్నెట్ లేకుండా ఏవేవి పనిచేస్తాయి, చందా ఎవరు కట్టాలి అన్నది అమ్మకపు ఒప్పందంలో రాయించుకోవడం మేలు.

వ్యవస్థ బిగించాక హబ్ ఖాతా ఎవరి ఈమెయిల్‌తో తెరిచారో చూడటం చాలామంది మరిచిపోతారు. అది డీలరు కుర్రాడి ఈమెయిల్ అయితే ఇంటి తాళం ఇంకొకరి జేబులో ఉన్నట్టే. దాన్ని యజమాని పేరుకు మార్పించాకే చివరి చెల్లింపు చేయాలి. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడనూ, ఏ పైపు ఎటు వెళ్లిందో కనిపించేలా, టేపు ఆనించి ఫోటో తీసి ఉంచుకోవాలి. పదేళ్ల తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్ మొదట అడిగేది ఆ ఫోటోనే.