చెట్టు ప్రక్కన మనిషి

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో ఒక తల్లి వ్రాసినది మమ్మును ఆపివేసింది. ఆమె కుమార్తె నర్సింగు చదివింది. జపానులో వృద్ధులకు పరిచర్య చేసే ఉద్యోగం కోసం ఆ దేశపు భాష నేర్చుకొంటోంది. "రాత్రి యాభైసార్లు దిద్దిన అక్షరం తెల్లవారేసరికి పోతోందట. నా బుర్రలో ఏదీ నిలవదమ్మా, మానేస్తానని ఏడుస్తోంది" అని ఆ తల్లి బాధ.

అమ్మా, మీ అమ్మాయి బుర్రకు ఏ లోపమూ లేదు. దిద్దుట మన 56 అక్షరాలకు చాలింది. జపానువారి సొంత అక్షరమాలలు రెండు, ఒక్కొక్కదానిలో 46 గుర్తులు. అక్కడికీ దిద్దుటే చాలును. కాని వీటితోపాటు చైనానుండి వచ్చిన కాంజీ అను అక్షరాలు కలవు. ప్రతిదానికి ఒక అర్థముంటుంది. 2010లో సవరించిన ప్రభుత్వ పట్టికలో ఇవి 2136. అక్కడ పుట్టిన పిల్లలే ప్రాథమిక బడిలో ఆరేళ్లపాటు 1026 నేర్చుకొంటారు. ఇన్నిటిని చేతి అలవాటుతో మోయడం కష్టం.

నగోయాలోని నాన్‌జాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జేమ్స్ హైసిగ్ అను అమెరికా పండితుడు 1977లో దీనికొక పుస్తకం వ్రాశాడు. చైనా విద్యార్థులు ఈ అక్షరాల రూపము, అర్థము ముందే ఎరిగి వస్తారు గనుక జపాను భాషలో త్వరగా ముందుకు పోతారు. మిగిలినవారు కూడ మొదట ఆ రెండే ఎందుకు నేర్చుకోకూడదు అన్నది ఆయన వాదన. అక్షరాన్ని ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కకు ఒక పేరుపెట్టి, ఆ పేర్లతో మనసులో ఒక కథ కట్టుకోవాలి.

పిల్లలను పలక తెమ్మనండి, మాటలతోనే గీయిస్తాము. ఒక నిలువు గీత, పైభాగంలో ఒక అడ్డగీత, రెండూ కలిసేచోటినుండి చెరో ప్రక్కకు వాలుతూ దిగే రెండు గీతలు. ఇది చెట్టు. రెండు చెట్లు ప్రక్కప్రక్కన నిలిస్తే తోపు. మూడైతే అడవి. చెట్టుకు ఎడమ ప్రక్కన మనిషి గుర్తు పెట్టండి: విశ్రాంతి. కలుపు తీసి వేపచెట్టుకు ఆనుకొన్న మనిషిని చూసినవారికి ఇది మరచిపోవడమే కష్టం. ఇప్పుడు చెట్టు అడుగున చిన్న అడ్డగీత గీస్తే మూలము. దాని ప్రక్కన మనిషి ఉంటే శరీరము. విశ్రాంతికి, శరీరానికి తేడా ఆ చిన్నగీత ఒక్కటే. యాభైసార్లు దిద్దిన చెయ్యి అక్కడే పొరపడుతుంది, కథ తెలిసిన మనసు పొరపడదు.

నర్సమ్మకు పనికివచ్చేవి మరి రెండు. పైన గడ్డి గుర్తు, క్రింద హాయి అను అక్షరము: మందు. పైన చెయ్యి, క్రింద కన్ను: కనిపెట్టి చూచుట. నర్సింగు అను జపాను మాట ఈ అక్షరంతోనే మొదలవుతుంది. పొద్దువాలినా కూతురు ఇంటికి రాకపోతే, నుదుటికి చెయ్యి అడ్డంపెట్టి బాటవైపు చూసే తల్లిని తలచుకోమనండి.

ఇక్కడ మేమొకటి ఒప్పుకోవాలి. ఓడ అను అక్షరంలో పడవ, ఎనిమిది, నోరు అని మూడు ముక్కలు కనబడతాయి. నోవహు ఓడలో ఎనిమిదిమంది ఉన్నారు గనుక ప్రాచీన చైనీయులకు ఆ సంగతి తెలుసుననడానికి ఇది రుజువు అని కొందరు బోధిస్తారు. మేమును సండే స్కూలులో సంతోషంగా చెప్పినవారమే. తరువాత తెలిసింది, ఆ కుడివైపు ముక్కే లోహపు గుర్తు ప్రక్కన చేరి సీసము అవుతుంది, నీటి గుర్తు ప్రక్కన చేరి వెంబడి అవుతుంది. సీసంలో నోవహు లేడు గదా! అది పాత చైనా ఉచ్చారణను సూచించడానికి పెట్టిన ముక్క. ఓడ అక్షరం గుర్తుండడానికి నోవహు కుటుంబాన్ని మించిన కొక్కెం లేదు, అలాగే వాడుకోండి. రుజువని మాత్రం చెప్పవద్దు. చెట్టు ప్రక్కన మనిషి కథ ఆ అక్షరం పుట్టుకలోనిదే. గడ్డి, హాయి కథ మనము కట్టుకొన్నది. రెండూ పనిచేస్తాయి, రెండూ ఒకటి కావు.

ఈ పద్ధతికి ఒక కుంటు ఉంది. అర్థం నిలుస్తుంది, శబ్దం రాదు. చెట్టు ఒంటరిగా ఉంటే కి, గురువారము అనే మాటలో మొకు. హైసిగ్ శబ్దాలను రెండవ భాగానికి వాయిదా వేశాడు. పరీక్ష వ్రాయవలసిన అమ్మాయికి అంత తీరిక ఉండదు గనుక, అక్షరంతోపాటు అది వచ్చే ఒక మాటను కూడ నోటితో పలికి నేర్చుకోవడం మంచిదని మా సలహా.

ఇక, అమ్మా, మీరు చేయగలది. పాత పెండ్లి శుభలేఖలను చీటీలుగా కోయండి. ఒక వైపు తెలుగు మాట, రెండవ వైపు ఆ అక్షరం అమ్మాయిచేత వ్రాయించండి. రాత్రి అన్నాలయ్యాక మీరు తెలుగు మాట చదవండి, ఆమె చూడకుండా గీయాలి. తప్పినవి మరునాడే, వచ్చినవి మూడు రోజులకు, తరువాత వారానికి మళ్లీ అడగండి. తప్పినచోట కథ మార్చుకోమనండి, అంతేగాని మరో యాభైసార్లు దిద్దవద్దు. ఆమె గీసినదాన్ని చీటీ వెనుకనున్న దానితో సరిచూడడానికి మీకు జపాను భాష రానక్కరలేదు.