ఫెరారీలు సరే, మన పద్మిని మాటేంటి?

భానుగుడి సెంటర్లో నలుగురు ఇంజనీర్లు టీ తాగుతూ కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారు? జీతాలు, అమెరికా, ఆ తర్వాత కార్లు. మొన్న మా బావ "పాత ఇటలీ కార్లలో కొని దాచుకోదగ్గది ఏదిరా?" అని మొదలెట్టాడు. ఒకడు లంబోర్గినీ మియూరా అన్నాడు, ఒకడు కౌంటాష్ అన్నాడు, ఇంకొకడు ఫెరారీ ఎఫ్40 ముందు అవన్నీ బొమ్మలే అన్నాడు. అందరూ చెప్పిన కారణం మాత్రం ఒక్కటే, వేలంలో రేటు! నాకు ఒళ్ళు మండింది. రేటే కొలత అయితే బైపాసు పక్కన సెంటు స్థలం కొనుక్కోవచ్చుగా, కారెందుకు?

కాస్త ఇంజనీర్లలా ఆలోచిద్దాం. 1966లో వచ్చిన మియూరా అందగత్తే, కాదనను. కానీ మొదట్లో వచ్చినవాటిలో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ ఒకటే ఆయిలు. గేర్లు అరిగి రాలిన రజను ఇంజన్లోకి పోతుంది. రెండు ప్రోగ్రాములు ఒకే మెమరీలో రాసుకుంటే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? 1984 నాటి టెస్టారోసాకి టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజను మొత్తం కిందకి దించాలి. కౌంటాష్‌కి బెల్టు బదులు చైను, ఆ బాధ లేదు. కానీ వెనక ఏముందో కనపడి చావదు. రివర్స్ చెయ్యాలంటే తలుపు పైకెత్తి, గడప మీద కూర్చుని వెనక్కి తిరిగి చూసుకోవాలి :) 1987 ఎఫ్40లో పవర్ స్టీరింగూ లేదు, ఏబీఎస్సూ లేదు. నడపడం వచ్చినవాడికి స్వర్గమే. నా ఓటు దానికే. కొని గుడ్డ కప్పేసేవాడికి మాత్రం ఏదైనా ఒకటే.

ఇక అసలు సంగతి. మన వీధుల్లో దశాబ్దాల పాటు తిరిగిన ఇటలీ కారు ఒకటుంది కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? ఫియట్ 1100డీని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు 1964 నుంచి తయారుచేశారు. తర్వాత అదే ప్రీమియర్ పద్మిని అయింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు. 2001 దాకా వచ్చింది. రెండు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు ఉంటే సగం రోగాలు ఇంటి ముందే నయమవుతాయి. ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో ఆగిపోతే పేపర్లన్నీ కన్నీళ్ళు పెట్టుకున్నాయి. మర్నాటికి మర్చిపోయాయి.

మా ఇంట్లో 1986 పద్మిని ఉంది. నాన్నగారిది. కాకినాడ ఉప్పుగాలి దాన్ని తినేస్తోంది. దానికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే అన్నీ. ఫ్లోరు తుప్పు పట్టిందంటే నడుం విరిగినట్టే. బాగుచేయిద్దామంటే పాత ఇనుము కొనేవాళ్ళు కిలోల లెక్కన బేరం పెడుతున్నారు.

చట్టం ఏమంటుందో చూడండి. 2021లో కేంద్రం వింటేజ్ రూల్సు తెచ్చింది. 50 ఏళ్ళు దాటితేనే వింటేజ్. అంటే మొదటేడు వచ్చిన ఎఫ్40 కూడా మన దగ్గర 2037 దాకా వింటేజ్ కాదు, ఉత్త పాత బండి! మా పద్మినికి ఆ హోదా 2036లో. అప్పటికి నాన్నగారికి తొంభై దాటతాయి. ఆ లోపు ఫిట్‌నెస్ పరీక్షలు, 2022లో 600 నుంచి 5000 చేసి, ఆ తర్వాత ఇంకా పెంచిన రెన్యువల్ ఫీజు. తుక్కు చేస్తే మాత్రం రాయితీలు!

పొగ వస్తుంది కదా అంటారు. నిజమే, నేను కాదనను. రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళనివ్వమని నేనూ అడగట్లేదు. పాత వాహనాల అంతర్జాతీయ సంఘం ఫీవా లెక్కలో 30 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, రోజువారీ వాడకంలో లేని బండి చారిత్రక వాహనమే. ఆ 30 మనమూ పెట్టుకుంటే పోయేదేముంది? ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అని పరిమితి పెట్టండి, సంతోషంగా ఒప్పుకుంటాం.

మియూరాని కళ్ళకద్దుకునేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారండీ. పద్మినిని చూసుకోవాల్సింది మాత్రం మనమే. ఇనుము బేరగాడికి నేనైతే రావద్దని చెప్పేశాను. వచ్చే వారం ఫ్లోరు వెల్డింగు. మా బావ నవ్వుతున్నాడు, నవ్వనీండి.