కాటా చెప్పని లెక్క

2025 సెప్టెంబర్ 13 రాత్రి లాస్ వేగాస్‌లో కానెలో అల్వారెజ్‌ను టెరెన్స్ క్రాఫర్డ్ ఓడించగానే బాక్సింగ్ లోకంలో ఒక పాత పంచాయితీ మళ్లీ మొదలైంది. 154 పౌండ్ల తరగతిలో ఆడుతున్నవాడు మధ్యలో ఉన్న 160ని వదిలేసి నేరుగా 168కి, అంటే సుమారు 70 కిలోల నుంచి 76 కిలోలకు ఎగబాకాడు. అక్కడి నాలుగు బెల్టులూ ఒక్క రాత్రిలో ఎగరేసుకుపోయాడు. పై బరువుకు వెళ్లి సాధించిన విజయాల్లో ఇదే అన్నిటికన్నా గొప్పదా? ఇలాంటి ప్రశ్న రాగానే అభిమానులు తీసే లెక్కలు మూడు: ఎన్ని తరగతులు ఎక్కాడు, ఎన్ని బెల్టులు గెలిచాడు, ఎన్ని పౌండ్ల తేడా. ఈ మూడూ ఎక్కినవాడి గురించే చెబుతాయి, అవతలి మనిషి గురించి నోరు విప్పవు. ఎదుటి పెద్దవాడు తన సొంత బరువులో, తన మంచి వయసులో, ఒంట్లో సత్తువ ఉండగా నిలబడితేనే చిన్నవాడి గెలుపుకు పూర్తి విలువ కట్టాలన్నది నా వాదన. ఈ గీటురాయి మీద పెడితే చాలా ప్రసిద్ధ విజయాల రంగు మారుతుంది.

క్రాఫర్డ్ సంగతే చూద్దాం. ఇద్దరూ ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనుషులే. చేతుల చాపు క్రాఫర్డ్‌కే మూడు అంగుళాలకు పైగా ఎక్కువ. కానెలో పుట్టుకతో 168 పౌండ్ల సూపర్ మిడిల్‌వెయిట్ ఏమీ కాదు, 2011లో తొలి ప్రపంచ టైటిల్ అందుకున్నది ఆ 154 పౌండ్లలోనే. వేర్వేరు కాలాల్లో ఒకే మెట్ల మీదుగా పైకొచ్చిన ఇద్దరు ఆ రాత్రి ఎదురుపడ్డారన్నమాట. పైగా కానెలోకి 35 ఏళ్లు, కాళ్లలో చురుకు మందగించి కొంతకాలమైంది. క్రాఫర్డ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అతనికి 38 నిండడానికి రెండు వారాలే ఉంది. లైట్‌వెయిట్‌లో మొదటి బెల్టు గెలిచినవాడు అక్కడిదాకా రావడం సామాన్యమూ కాదు. ముగ్గురు జడ్జీలూ అతన్నే గెలిపించారు. కానీ అది నైపుణ్యం గెలిచిన పోటీ. కొండంత మనిషిని కూల్చిన గెలుపుగా దాన్ని అమ్ముకోవడం ప్రమోటర్ల పని.

నిజంగా పెద్ద దేహం ఏం చేస్తుందో తెలియాలంటే ఒక ఓటమిని చూడాలి. 1952 జూన్‌లో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో మిడిల్‌వెయిట్ చాంపియన్ షుగర్ రే రాబిన్సన్, లైట్ హెవీవెయిట్ చాంపియన్ జోయీ మాక్సిమ్ మీదికి వెళ్లాడు. రాబిన్సన్ 157న్నర పౌండ్లు, మాక్సిమ్ 173. రింగ్‌లో వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. పదో రౌండ్ అయ్యాక రిఫరీయే నిలవలేక తప్పుకుంటే ఇంకొకరిని దింపాల్సి వచ్చింది. ముగ్గురి లెక్కల్లోనూ రాబిన్సన్‌దే ఆధిక్యం. అయినా 13వ రౌండ్ ముగిశాక స్టూల్ మీద నుంచి లేవలేకపోయాడు. ఉక్క ఇద్దరికీ ఒకటే కదా అని మాక్సిమ్ తరఫువాళ్లు అంటే కాదనలేం. తనకన్నా 15 పౌండ్లు ఎక్కువున్న మనిషి వాటేసుకుని మీద వాలినప్పుడల్లా ఆ భారాన్ని నెట్టాల్సింది చిన్నవాడే. పంచ్‌లను తప్పించుకోగలడు గానీ ఈ భారాన్ని తప్పించుకోలేడు.

ఈ భారాన్ని ఒప్పంద పత్రంలోనే తగ్గించుకునే దారి ఒకటుంది, దాని పేరు క్యాచ్‌వెయిట్. తరగతి పరిమితితో పనిలేకుండా ఇద్దరూ ఒప్పుకున్న అంకెకు దిగి ఆడటం. 1988 నవంబర్‌లో షుగర్ రే లెనార్డ్, లైట్ హెవీవెయిట్ చాంపియన్ డానీ లలాండ్‌ను తొమ్మిదో రౌండ్‌లో ఆపి, ఒకే పోటీతో రెండు తరగతుల బెల్టులు ఖాతాలో వేసుకున్నాడు. చెప్పుకోవడానికి ఎంతో బాగుంది. కానీ 175 పౌండ్ల చాంపియన్‌ను 168కి దించి ఆడించారు. చిన్నవాడు పైకి ఎక్కాడా, పెద్దవాడిని కిందికి లాగారా? చరిత్రలో మాత్రం రెండు బెల్టులూ పూర్తి లెక్కలోనే ఉన్నాయి.

మానీ పాకియావ్ అభిమానులకు ఇక్కడ కోపం రావచ్చు. ఎనిమిది తరగతుల్లో టైటిళ్లు గెలిచినవాడు ఇంకొకడు లేడు, నిజమే. 2010 నవంబర్‌లో మార్గరిటో మీద గెలిచిన 154 పౌండ్ల బెల్టు మాత్రం ఖాళీగా ఉన్నది, పోటీ 150 పౌండ్ల క్యాచ్‌వెయిట్‌లో జరిగింది. అయితే తూకం ముందురోజే అయిపోతుంది కాబట్టి రింగ్‌లోకి వచ్చేసరికి మార్గరిటో 165 పౌండ్లకు ఉబ్బాడు, పాకియావ్ 148 దగ్గరే ఉన్నాడు. 17 పౌండ్ల తేడాను కాలితో, వేగంతో ఎదుర్కొని అవతలివాడి కంటి గూటి ఎముక విరగ్గొట్టాడు. ఆ శ్రమకు విలువ ఉంది, ఆ బెల్టుకు లేదు. 2008లో ఆస్కార్ డి లా హోయాను స్టూల్ మీదే కూర్చోబెట్టిన పోటీని కూడా గొప్పగా చెబుతారు గానీ, డి లా హోయా ఏళ్ల తర్వాత 147కి దిగి పీక్కుపోయి వచ్చాడు. నన్నడిగితే పాకియావ్ ఎక్కిన మెట్లలో ఘనమైనది 2003లో శాన్ ఆంటోనియోది. ఫెదర్‌వెయిట్‌లో అందరూ రాజుగా ఒప్పుకున్న మార్కో ఆంటోనియో బరేరాను అతని సొంత బరువులో, 11వ రౌండ్‌లో చేతులెత్తించాడు. ప్రధాన సంస్థల బెల్టు ఒక్కటి కూడా ఆ రోజు పందెంలో లేదు.

హెవీవెయిట్‌లో ఈ తిరకాసు ఉండదు. దానికి పైపరిమితే లేదు కాబట్టి పెద్దవాడిని ఎవరూ కిందికి లాగలేరు. అయినా అక్కడా అంకెలు మోసం చేస్తాయి. 2003 మార్చిలో రాయ్ జోన్స్ జూనియర్ 193 పౌండ్లతో, 226 పౌండ్ల జాన్ రూయిజ్‌ను ఓడించాడు. 1897లో బాబ్ ఫిట్జ్‌సిమన్స్ తర్వాత మిడిల్‌వెయిట్ చాంపియన్‌గా ఉండి హెవీవెయిట్ బెల్టు గెలిచినవాడు అతనే. 33 పౌండ్ల తేడా, 106 ఏళ్ల విరామం. పత్రికలకు ఇంతకన్నా ఏం కావాలి! కానీ ఆ రోజుల్లో అసలు హెవీవెయిట్ రాజు లెనాక్స్ లూయిస్. రూయిజ్ దగ్గరున్నది ఆ కిరీటంలో ఒక ముక్క. 1985లో మైకేల్ స్పింక్స్ చేసింది వేరు. 200 పౌండ్ల స్పింక్స్, 221న్నర పౌండ్ల లారీ హోమ్స్‌ను ఓడించాడు. హోమ్స్ అప్పటికి 48 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు, ఓటమే లేని మార్సియానో 49 విజయాల రికార్డుకు ఒక్క మెట్టు దూరంలో ఉన్నాడు. హోమ్స్‌కు 35 ఏళ్లు, దిగజారుతున్నాడన్న అభ్యంతరం సబబే. కానీ ఆ తరగతికి తిరుగులేని అధిపతి అతనే. స్పింక్స్‌కు దక్కాల్సిన పేరు దక్కకపోవడానికి కారణం మూడేళ్ల తర్వాత మైక్ టైసన్ చేతిలో 91 సెకన్లలో కూలిపోవడం. ఒక రాత్రి సాధించినదాన్ని ఇంకో రాత్రి పరాభవంతో కొట్టేయడం అన్యాయం. ఇక 2024 డిసెంబర్‌లో ఒలెక్సాండర్ ఉసిక్ 226 పౌండ్లతో 281 పౌండ్ల టైసన్ ఫ్యూరీని రెండోసారి ఓడించాడు. తేడా 55 పౌండ్లు. ఉసిక్ ఆరడుగుల మూడంగుళాల మనిషే అయినా ఆ గెలుపును మొదటి వరుసలో పెట్టడానికి నాకు సంకోచం లేదు.

ఒలింపిక్ బాక్సింగ్‌లో క్యాచ్‌వెయిట్ బేరాలకు చోటే ఉండదు, తరగతులను నిర్వాహకులే ఖరారు చేస్తారు. 46, 48 కిలోల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచిన మేరీ కోమ్‌కు 2012 లండన్‌లో కనిష్ఠ తరగతి 51 కిలోలు. అలా ఎక్కి తెచ్చిన కాంస్యాన్ని మనం కాంస్యంగానే లెక్కేస్తున్నాం. మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌ది తిరగేసిన కథ. 2022లో 52 కిలోల్లో ప్రపంచ చాంపియన్ అయిన అమ్మాయి పారిస్ కోసం 50కి దిగాల్సి వచ్చింది. అక్కడ ఆమెను ఓడించిన చైనా బాక్సర్ వు యు కూడా 52 కిలోల ప్రపంచ టైటిల్ గెలిచి కిందికి దిగినదే.

పాతకాలంలో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను మించినవాడు లేడనేవాళ్లు చాలామంది. 1937 అక్టోబర్ నుంచి 1938 ఆగస్టు దాకా, పది నెలల్లో ఫెదర్, వెల్టర్, లైట్‌వెయిట్ కిరీటాలు గెలిచి మూడింటినీ ఒకేసారి తలకెత్తుకున్నాడు. అప్పట్లో మొత్తం తరగతులే ఎనిమిదని గుర్తుంచుకోవాలి. బార్నీ రాస్‌తో వెల్టర్‌వెయిట్ పోటీలో రాస్ 142 పౌండ్లు, ఆర్మ్‌స్ట్రాంగ్ 133న్నర. జీవితకాల ఘనతలో అతనికి సాటిలేదని నేనూ ఒప్పుకుంటాను. ఒక్క రాత్రి లెక్క వేరు. రాస్ కూడా లైట్‌వెయిట్ నుంచి ఎదిగినవాడే, ఆ పోటీ తర్వాత మళ్లీ రింగ్‌లో అడుగుపెట్టలేదు.

అందుకే నా ఓటు 1980 జూన్ 20 మాంట్రియల్‌కు, రాబెర్టో డురాన్‌కు. ఏడేళ్లు లైట్‌వెయిట్‌ను ఏలిన ఐదడుగుల ఏడంగుళాల మనిషి, తనకన్నా మూడంగుళాల పొడగరి లెనార్డ్ మీదికి వెళ్లాడు. లెనార్డ్‌కు 24 ఏళ్లు, 27 పోటీల్లో ఓటమి లేదు, తన సొంత బరువు, నాలుగేళ్ల కింద ఒలింపిక్ స్వర్ణం గెలిచిన ఊరు. కాటా మీద ఇద్దరూ 145 దగ్గరే తూగారు, తేడా ఎముకలో ఉంది. రెండో రౌండ్‌లో ఎడమ హుక్‌తో లెనార్డ్ కాళ్లు తడబడేలా చేసి, ఆపైన తల అతని ఛాతీకి ఆనించి 15 రౌండ్ల పాటు తాళ్లకు అదిమిపెట్టాడు. డురాన్ అప్పటికే ఏడాదికి పైగా ఆ బరువులో ఆడుతున్నాడు కదా అంటారు. ఆడాడు, కానీ అంతకాలం తిన్నంత మాత్రాన ఎముక పొడుగు కాదు. లెనార్డ్ తన ఆట వదిలి డురాన్ ఆట ఆడాడన్నది రెండో మాట. రోజుల తరబడి రెచ్చగొట్టి, రింగ్‌లో పారిపోవడానికి సందివ్వకుండా అతని చేత అలా ఆడించింది డురానే. ఐదు నెలల తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో లెనార్డ్‌తో రెండో పోటీలో, ఎనిమిదో రౌండ్‌లో డురాన్ చేతులూపి వెనుదిరిగిన ఓటమిని కూడా ముందుకు తెస్తారు. విందుల్లో ఉబ్బిన ఒంటిని హడావుడిగా కరిగించుకుని వచ్చాడు. మిగతావాళ్లకు పెట్టిన నా గీటురాయినే లెనార్డ్‌కూ పెడతాను: అతను గెలిచింది మాంట్రియల్ డురాన్ మీద కాదు.

మాంట్రియల్ గాలివాటం కాదనడానికి ఇంకో సాక్ష్యం ఉంది. 1989 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సిటీలో 37 ఏళ్ల డురాన్, తనకన్నా అరడుగు పొడుగున్న మిడిల్‌వెయిట్ చాంపియన్ ఇరాన్ బార్క్లీని 11వ రౌండ్‌లో ఒకసారి పడగొట్టి, పాయింట్ల మీద గెలిచి, 160 పౌండ్ల బెల్టు పట్టుకెళ్లాడు. డురాన్‌ను 1984లో రెండు రౌండ్లలో పడగొట్టిన థామస్ హర్న్స్‌ను నాకౌట్ చేసి ఆ బెల్టు గెలిచినవాడు బార్క్లీ. డురాన్, బార్క్లీల పోటీకి క్యాచ్‌వెయిట్ షరతు లేదు.