మావయ్య రెజ్యూమెలో లేని లైన్లు

మా మావయ్య ఎయిర్‌ఫోర్స్‌లో 20 ఏళ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్. చివరి పోస్టింగ్ బీదర్‌లో, హాక్ ట్రైనర్ జెట్ల మీద. రిటైరయ్యాక ఒక కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజినీర్ ఉద్యోగానికి వెళ్తే మొదటి ప్రశ్న "బీటెక్ ఎక్కడ చేశారు?" రెండో ప్రశ్న లేదు.

మొన్న సెలవుల్లో రెజ్యూమె నాకిచ్చి చూడమన్నాడు. ఉన్నది ఒకటే లైన్: "విమానాల మెయింటెనెన్స్, 20 ఏళ్లు."

"అసలు ఏం చేసేవాడివి మావయ్యా?" అన్నా.

"ఏముందిరా, విమానం చూసుకునేవాళ్లం."

గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. పని అయ్యాక టూల్స్ అన్నీ లెక్కపెడతారు. ఒక్క స్పానర్ తగ్గినా అది దొరికేదాకా విమానం కదలదు. ప్రతి పనికీ చేసినవాడి సంతకం. కీలకమైన పనైతే ఇంకొకరు మళ్లీ చూసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే పైలట్ ఎక్కేది.

నేనేమో రాత్రి 2 గంటలకి టెస్టులు రాయకుండా కోడ్ పుష్ చేసి పడుకుంటా. అయినా మా ఇద్దరిలో లోకం ఇంజినీర్ అనేది నన్నే!

లైసెన్స్ అడగడం తప్పని నేననను. డీజీసీఏ వాళ్ల సీఏఆర్-66 రూల్స్ మిలిటరీ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. కాకపోతే కొంత సివిల్ అనుభవం కూడా ఉండాలి, పరీక్షలూ పాసవ్వాలి. న్యాయమే, ప్యాసింజర్ విమానాల పద్ధతులు వేరు కదా. డిజైన్‌కి డిగ్రీ చదువు కావాలన్నా ఒప్పుకుంటా. కానీ మెయింటెనెన్స్ ప్లానింగ్, క్వాలిటీ లాంటి పనులకి? పరీక్ష పెడితే నీకేం వచ్చో తెలుస్తుంది. డిగ్రీ ఫిల్టర్ అసలు అడగనే అడగదు. నా గొడవ దానితోనే.

ఇది మావయ్య ఒక్కడి సమస్య కాదు. 2022లో మొదలైన అగ్నిపథ్‌లో చేరినవాళ్లకి సర్వీసు 4 ఏళ్లే. రెగ్యులర్‌గా తీసుకునేది 25 శాతం వరకే. మిగతావాళ్లు బయటికొచ్చేసరికి దాదాపు మన వయసే.

ఆ రాత్రి కూర్చుని ఒక్క లైన్‌ని పేజీ చేశాం. టూల్ కంట్రోల్, ఇన్‌స్పెక్షన్, రికార్డులు, జూనియర్లకి ట్రైనింగ్... అన్నీ ఆయన చేసినవే, చెప్పుకోవడం తెలియనివి. ఇప్పుడు లైసెన్స్ మాడ్యూళ్లు చదువుతున్నాడు. మ్యాథ్స్ డౌట్లు నన్నే అడుగుతాడు.

రేపు రెజ్యూమెలు వడబోసే సాఫ్ట్‌వేర్ రాసేది మన బ్రాంచ్ వాళ్లమే. "డిగ్రీ లేకపోతే రిజెక్ట్" అని కండిషన్ పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగుదాం. ఆ లైన్ కింద మన సంతకం పెట్టగలమా?