ప్రోగ్రాములలో గ్రంథచౌర్యము

మన తాతలనాటి తెలుగు పుస్తకములను తెరచినచో లోపలి పుటలో "సర్వస్వామ్యసంకలితము" అను మాట తరచుగా కాన్పించును. ఈ గ్రంథముపై హక్కులన్నియు నొకరివని దాని యర్థము. కంప్యూటరునకై వ్రాయు ప్రోగ్రామునకు నట్టి హక్కు కలదా యని మన విద్యార్థులలో పలువురకు సందేహము. సింగరేణి గనులతో పెరిగిన మన బెల్లంపల్లి బిడ్డలు నేడు హైదరాబాదులోను విదేశములలోను ప్రోగ్రాములు వ్రాసి జీవించుచున్నారు. కావున నీ సందేహమును బడిలోనే తీర్చుట యుక్తమని మేము తలంచుచున్నాము.

హక్కు కలదు. 1957వ సంవత్సరపు భారత కాపీరైటు చట్టమును 1984లో సవరించి, ప్రోగ్రామును సాహిత్యకృతులలో చేర్చిరి. (ప్రబంధమునకును ప్రోగ్రామునకును చట్టములో నొకే పీట, కవులు నొచ్చుకొనకుందురు గాక!) అయితే చట్టము కాపాడునది వ్రాతనే గాని యందలి యూహను గాదు. అంకెలను చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగా నమర్చు పద్ధతి యెవ్వరి సొత్తును గాదు; ఆ పద్ధతికై యొకడు కూర్చిన పంక్తులు మాత్రమే యతనివి. దొంగప్రతియని తెలిసియు కంప్యూటరులో వాడినవానికి 7 దినములకు తగ్గక 3 సంవత్సరములవరకు కారాగారమును, 50,000 మొదలు 2,00,000 రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును.

ఇట్టి వ్యాజ్యమొకటి హైదరాబాదుననే నడచినది. రిలయన్సు ఇన్ఫోకాం కంపెనీ 10,500 రూపాయల సెల్‌ఫోనును తొలుత 3,350 రూపాయలకే యిచ్చి, అది తన సర్వీసునకు మాత్రమే పనిచేయునట్లు కట్టుదిట్టము చేసెను. టాటా ఇండికాం సిబ్బంది కొందరు ఫోనులోని ప్రోగ్రామును, గుర్తింపు సంఖ్యను మార్చి తమ సర్వీసునకు త్రిప్పుకొనుచున్నారని 2003లో ఫిర్యాదు పుట్టినది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005 జులైలో తీర్పు చెప్పుచు, సెల్‌ఫోనును కంప్యూటరే యనెను; సోర్సు కోడును మార్చిరనియు, కాపీరైటును భంగపరచిరనియు వచ్చిన యభియోగములను కొట్టివేయ నిరాకరించెను. నేరము రుజువైనదని మాత్ర మనలేదు. అది విచారణలో తేలవలసినదనెను. ఈ జాగ్రత్తయే మాకు ముఖ్యముగా తోచినది.

అది ప్రోగ్రామును మార్చిన వ్యాజ్యము. నకలు విషయమున చిక్కు వేరు: నకలు చేసినవాడు పేర్లు మార్చును, ఖాళీలు చేర్చును, పంక్తులను క్రిందుమీదు చేయును. దీనిని పట్టుటకై అమెరికాలో అలెక్స్ ఐకెన్ అను ఆచార్యుడు 1994లో మాస్ అను సాధనమును నిర్మించెను. దాని పద్ధతి 2003లో ప్రకటింపబడినది. మొదట ఖాళీలను తీసివేసి, పేర్లను లెక్కలోనికి రానీయరు. మిగిలిన వ్రాతను ఒకదానిపై నొకటి యొరయునట్లు, మొదటి యక్షరమునుండి యైదవదాని వరకు, రెండవదానినుండి యారవదాని వరకు, ఇట్లు చిన్న తునకలుగా కోసి, ప్రతి తునకకు నొక సంఖ్య కట్టుదురు. ప్రక్కప్రక్కనున్న కొన్ని సంఖ్యలలో మిక్కిలి చిన్నదానిని మాత్రము నిలుపుకొందురు. ఈ పనికి వారు పెట్టిన పేరు మన కళ్ళములలోని తూర్పారబట్టుటయే! నిలిచిన గింజలే ప్రోగ్రాము యొక్క వ్రేలిముద్రలు. రెండు ప్రోగ్రాముల వ్రేలిముద్రలు విస్తారముగా కలిసినచో అనుమానము కలుగును.

ఇంతకంటె బలమైన సాక్ష్యము తప్పు. సరియైన సమాధాన మిద్దరికిని దొరకవచ్చును. ఒకే చోట, ఒకే వింత తప్పు ఇద్దరికిని తమంత తాము దొరకుట యరుదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించు పండితులకు ఇది తెలిసిన మార్గమే. లేఖకుని యొక్క తప్పు రెండు ప్రతులలో కనబడినచో, ఆ రెండును ఒక మాతృకనుండి దిగినవని వారూహింతురు.

అయినను యంత్రము చూపిన నూటికింత యను లెక్కను తీర్పుగా గైకొనుట అన్యాయమని మా దృఢాభిప్రాయము. ఒకే పాఠ్యపుస్తకమును చదివి, ఒకే ఉపాధ్యాయుని యొద్ద నేర్చిన పిల్లల పది పంక్తుల ప్రోగ్రాములు పోలియుండుటలో వింతయేమి? ఆ లెక్కపైననే యాధారపడుట దుర్వినియోగమని మాస్ నిర్మాతలే హెచ్చరించియున్నారు. పదునైదేండ్ల బాలుని దొంగయని పిలిచి, పిమ్మట పొరపాటని తెలిసినచో, ఆ మచ్చ నెవరు తుడుతురు? ఉపాధ్యాయుడు బాలుని పిలిచి, "ఈ పంక్తి యేల వ్రాసితివి? దీనిని తీసివేసిన నేమగును?" అని యడుగవలెను. స్వయముగా వ్రాసినవాడు తడబడుచునైనను చెప్పగలడు. నేడు కృత్రిమ మేధచే ప్రోగ్రాము వ్రాయించుకొనువారికిని ఈ ప్రశ్నయే తగును. అది యెవరి ప్రతితోను కలియకపోవచ్చును గదా!

నకలంతయు దోషము కాదని కూడ మేము చెప్పగోరుచున్నాము. రిచర్డ్ స్టాల్మన్ 1989లో ప్రకటించిన జి.పి.ఎల్. లైసెన్సు క్రింద నిచ్చిన ప్రోగ్రామును ఎవరైనను తీసికొని, మార్చి, పంచవచ్చును. అయితే మొదటి కర్తల కాపీరైటు ప్రకటనను చెరుపరాదు, మార్చి పంచినచో ఆ స్వేచ్ఛనే యితరులకును ఈయవలెను. పోతన భాగవతమున పంచమస్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశ ద్వాదశములను వెలిగందల నారయయు రచించిరి. ఎవరి స్కంధము చివర వారి పేరే గద్యములో నున్నది. పోతన పేరు చాటున నొకరును దాగలేదు.

మన కంప్యూటరు తరగతులలోను ఈ పద్ధతి నవలంబింపవలెను. ప్రతి ప్రోగ్రాము తొలి పంక్తులలో వ్రాసినవాని పేరును, ఏ భాగమును ఎచ్చటినుండి గైకొనెనో, ఏ మిత్రుడు సాయపడెనో వ్రాయవలెను. అట్లు వ్రాసినవానికి మార్కులు తగ్గింపరాదు. ఈ నియమము రాబోవు విద్యాసంవత్సరముననే యమలుకు రావలెనని ఉపాధ్యాయులను కోరుచున్నాము.